పనిచేసిన చోటనే పనిచేయవలెను

సాఫ్ట్‌వేరు కూడా విత్తనం లాంటిదేనని మేనేజింగ్ డైరెక్టర్ అనంతపద్మనాభం గారు తేల్చి చెప్పిన రోజున ఆఫీసులో ఎవరూ కాదనలేదు. కాదనాలంటే ఆ రెంటిలో ఒకదాని గురించైనా గట్టిగా తెలిసి ఉండాలి. సాఫ్ట్‌వేరు తెలిసినవాడు అక్కడ తిరుపాలు ఒక్కడే. ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో పెరిగిన తిరుపాలుకు విత్తనాల గురించి ఓనమాలు కూడా రావు.

రాష్ట్ర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పంపిణీ మండలి పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పైసా కట్టనక్కర్లేకుండా ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచిపెట్టవచ్చు అని రాసిచ్చేసిన సాఫ్ట్‌వేరు లోకంలో బోలెడంత ఉందని ఎవరో పెద్దమనిషి ఏదో సదస్సులో విని వచ్చారు. ఎవరైనా తీసుకోగలిగిన సరుకును ఎవరికి వారు తీసుకుపోతూ ఉంటే ఇక ప్రభుత్వం ఎందుకు? అందుకని పంపిణీకి ఒక మండలి పెట్టారు. విజయవాడ శివార్లలో విత్తనాల గోడౌను పైఅంతస్తు ఖాళీగా ఉంటే అక్కడ బోర్డు తగిలించారు. కింద గోడౌనుకు అధికారిగా ఉన్న అనంతపద్మనాభం గారినే పైకి పంపారు. ఆయన మెట్లెక్కి వచ్చి కొత్త ఉద్యోగంలో చేరారు.

ఆయన చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఫైలు ఆపరు, అటెండర్లను కూడా మీరు అనే పిలుస్తారు. సర్వీసంతా విత్తనాల మధ్య గడిపినందువల్ల ఏది చూసినా ముందు అది మొలుస్తుందా లేదా అని ఆలోచించే అలవాటు మాత్రం పడిపోయింది.

తిరుపాలు ఆ మండలిలో అసిస్టెంట్ ఇంజనీరు. పేరుకు ఇంజనీరే గానీ చేసేది మూటలు కట్టే పని. ప్రోగ్రాం రాసినవాడు రాసి ఊరుకుంటాడు. దాన్ని విండోస్ ఉన్నవాళ్లకు ఒక రకంగా, లైనక్స్ ఉన్నవాళ్లకు ఇంకో రకంగా, ఆ లైనక్స్‌లోనూ కొత్తదానికి ఒకలా పాతదానికి ఒకలా, కావలసిన ఫైళ్లన్నీ జతచేసి మూటకట్టి పంపాలి. ఒక్క ఫైలు మరిచిపోయినా అవతలివాళ్ల దగ్గర అది నోరు తెరవదు. పెళ్లికి వెళ్లేవాళ్ల పెట్టె సర్దడం లాంటిదే ఇదీను. అన్నీ ఉన్నప్పుడు ఎవరు సర్దారని ఒక్కరూ అడగరు, జాకెట్టు ఒకటి మరిచిపోతే మాత్రం ఊరంతా అడుగుతుంది.

ఆ పని మధ్యలో, ఎవరూ చెప్పకుండానే, తిరుపాలు సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాడు. అచ్చు కాగితాన్ని స్కానరు కింద పెడితే అది తెలుగులో పైకి చదువుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ మింగదు, ళకు ళ అంటుంది, ణకు ణ అంటుంది. దానికి 'వినిపాఠం' అని పేరు పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చునని రాసి లోకం మీదికి వదిలేశాడు. అతను రాసిందంతా కొణికివరం అంధబాలికల పాఠశాల కోసం. ఒంగోలు అవతల ఉన్న ఆ బడిలో కోటిరత్నం గారని సోషల్ టీచరు ఉన్నారు. ఆమెకూ చూపు లేదు. కొత్త సిలబస్‌కు బ్రెయిలీ పుస్తకాలు ఇంకా రాలేదనీ, పదో తరగతి పిల్లలు చదువుకోవడానికి ఏమీ లేదనీ ఆమె ఒకసారి ఫోనులో చెప్పింది. ఆ మాట తిరుపాలు మనసులో ముల్లులా దిగబడింది.

వినిపాఠాన్ని మండలి ద్వారా ఆ బడికి పంపుదామని అతను ఫైలు పెట్టిన వారంలోనే విజయనగరం గొడవ వచ్చిపడింది.

వీడియో సమావేశంలో అక్కడి జిల్లా అధికారి లేచి నిలబడి మరీ చెప్పాడు. "సార్, తమరు పంపిన వర్షపాతం ప్రోగ్రాం మా కార్యాలయమందు తెరుచుకున్నది గానీ, అక్షరముల స్థానే చతురస్రములు గోచరించుచున్నవి. ఏ మండలంలో ఎంత వాన కురిసినదీ తెలియరావడం లేదు."

అందరూ తిరుపాలు వైపు తిరిగారు. ఇలాంటప్పుడు ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా, సాఫ్ట్‌వేరు వాడు అనే మాట ఒక్కటే. తిరుపాలు కూడా అదే అన్నాడు.

"నా మిషన్లో బాగానే పనిచేస్తాంది సార్."

అనంతపద్మనాభం గారు కలం కింద పెట్టారు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. "అంటే విత్తనంలో లోపం లేదు. నేల తేడా. మాలకొండయ్య గారూ, అనంతపురంలో పరీక్షించిన వేరుశనగను తీసుకెళ్లి విజయనగరం పల్లపు చేలో వేస్తే ఏమవుతుంది?"

సూపరింటెండెంటు మాలకొండయ్య కందుకూరు మనిషి. రిటైరుమెంటుకు దగ్గర పడ్డవాడు. పై అధికారి ప్రశ్న అడిగాడంటే జవాబు ఆయన దగ్గరే ఉంటుందని అనుభవం మీద తెలుసుకున్నవాడు. "కుళ్లిపోద్ది సార్," అన్నాడు.

"కనుక?"

"కనుక తమరు సెలవిచ్చినట్టే సార్."

వారం తిరక్కముందే ఉత్తర్వు వెలువడింది. "మండలిచే పంపిణీ చేయబడు ఏ సాఫ్ట్‌వేరునైనను, అది ఏ పరిస్థితులయందు పనిచేసినట్లు ధ్రువీకరించబడినదో, సరిగా ఆ పరిస్థితులయందు మాత్రమే వాడవలెను. తద్భిన్నమైన పరిస్థితులయందు వాడినచో అట్టి వాడకము వాడకముగా పరిగణింపబడదు."

నిజం చెప్పాలంటే తిరుపాలుకు ఆ ఉత్తర్వు మొదట నచ్చింది. ఇన్నాళ్లకు తన గోడు ఎవరో విన్నారనుకున్నాడు. ఏ ఆపరేటింగ్ సిస్టం, అందులో ఏ వెర్షను, ఏయే ఫాంట్లు ఉండాలి, ఏయే ఫైళ్లు తోడు కావాలి అని అరపేజీలో పొందికగా రాసి పట్టుకెళ్లాడు.

అనంతపద్మనాభం గారు ఆసాంతం చదివారు. "బావుంది. ఇది విత్తనం గురించి. మరి నేల గురించి ఏదీ?"

"నేలంటే ఏంది సార్?"

"మీ మిషన్లో పనిచేసిందన్నారు. ఆ మిషన్ గాలిలో వేలాడుతోందా? ఒక గదిలో ఉంది. గదికి గోడలున్నాయి, గాలి ఉంది, తేమ ఉంది. వీటిలో దేనివల్ల పనిచేసిందో మీరు చెప్పగలరా?"

"వీటికీ దానికీ సంబంధం లేదు సార్."

"లేదని పరీక్షించారా?"

తిరుపాలు పరీక్షించలేదు. పరీక్షించని సంగతిని లేదని చెప్పడం శాస్త్రీయం కాదని అనంతపద్మనాభం గారు మెత్తగా మందలించి, గది పరిశీలనకు ఒక కమిటీ వేశారు.

కమిటీ అనంతపద్మనాభం గారినీ మాలకొండయ్యనూ వెంటబెట్టుకుని వచ్చి తిరుపాలు గదిలో ఒక పూటంతా గడిపింది. పడమటి గోడకు కిటికీ ఉందని రాసుకున్నారు. గోడకు లేత ఆకుపచ్చ సున్నం, దాని మీద జామకాయంత చెమ్మ మరక. ఫ్యాను మూడో నంబరు మీద తిరుగుతోంది. గోడకు ఏదో పురుగుమందుల దుకాణం వాళ్ల పాత క్యాలెండరు, నెల ఎవరూ తిప్పలేదు. కిందినుంచి వేరుశనగ విత్తనాల వాసన వస్తోంది. బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద ఎవరిదో శుభలేఖ మడిచి పెట్టి ఉంది.

"ఈ శుభలేఖ ఎవరిది?" అని ఒక సభ్యుడు అడిగాడు.

"తెలీదు సార్. నేనొచ్చే టయానికే ఆడ ఉండె."

"తీసి చూస్తే పోలా?" అని వంగబోయాడు మాలకొండయ్య.

"ఆగండి!" అన్నారు అనంతపద్మనాభం గారు కంగారుగా. "తీస్తే పరిస్థితి మారిపోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. గుర్తు తెలియని వధూవరుల శుభలేఖ ఒకటి."

బల్ల మీద రెండు కంప్యూటర్లున్నాయి. కుడివైపు విండోస్, ఎడమవైపు లైనక్స్. రెండూ నడుస్తున్నాయి. అదీ రాసుకున్నారు. యంత్రం ముందు ఆసీనుడైన వ్యక్తి పేరు తిరుపాలు అని చివర్లో రాసి, అతని చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. ఈ వివరాలన్నీ అనుబంధం పేరుతో జిల్లాలకు చేరాయి.

ఇక జిల్లాల్లో మొదలైంది అసలు పండగ. నంద్యాలలో ఆ ఏడు వానలు లేవు, గోడకు ఎంత బతిమాలినా చెమ్మ ఎక్కలేదు. ఒక అటెండరుకు చెంబిచ్చి, పొద్దునా సాయంత్రం మరక తడిపే బాధ్యత అప్పగించారు. మరక జామకాయ దాటి పనసకాయంత అయితే అతన్ని సంజాయిషీ అడిగారు. పొట్టికాలు బల్లలకు టెండరు పిలిస్తే తక్కువకు కోట్ చేసిన కంట్రాక్టరు నాలుగు కాళ్లూ సమానంగా ఉన్న బల్లలు తెచ్చి దింపాడు. నాసిరకం సరుకని అన్నిటినీ వెనక్కి పంపారు. ఏలూరులో ఒక వడ్రంగి సంగతి కనిపెట్టి, 'ప్రభుత్వ ఆమోదం పొందిన కుంటిబల్లలు ఇచ్చట దొరుకును' అని బోర్డు పెట్టుకున్నాడు. అతని వ్యాపారం ఇంతింతై వటుడింతై పెరిగింది.

అన్నిటికంటే శుభలేఖ దగ్గర చిక్కు వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగికి శుభలేఖలకేం కొదవ, రోజూ వస్తూనే ఉంటాయి. కానీ వధూవరులు గుర్తు తెలియనివాళ్లై ఉండాలి. పరిచయం లేనివాడు శుభలేఖ ఎందుకిస్తాడు? గుంటూరు ఆఫీసువాళ్లు ఇద్దరు గుమస్తాలను ఆన్ డ్యూటీ మీద కల్యాణ మండపాలకు పంపారు. వాళ్లు ఎవరి తరఫునో తెలియకుండా లోపలికి వెళ్లి, అక్షింతలు వేసి, భోంచేసి, శుభలేఖ పట్టుకొచ్చారు. తీరా ఆడిటులో పెళ్లికొడుకు మేనమామ ఆ ఆఫీసు అకౌంటెంటుకు తోడల్లుడని తేలి, ఆ కార్డును రద్దు చేశారు. గుమస్తాలు మాత్రం ఎంతో ఓర్పుతో మళ్లీ ఇంకో పెళ్లికి బయల్దేరారు.

విండోస్ ఒక్కటే ఉన్న ఆఫీసులు పక్కన లైనక్స్ యంత్రాన్ని కొని పెట్టుకోవలసి వచ్చింది. లైనక్స్ ఉన్నవాళ్లు విండోస్ కొన్నారు. ఒకటి పని చేయడానికి, రెండోది దానికి తోడుగా కూర్చోవడానికి. ఒంటరిగా ఉన్నప్పుడు పనిచేస్తుందని ఎక్కడా ధ్రువీకరణ లేదు మరి.

విజయనగరంలో పడమటి గోడకు కిటికీ లేదు. గోడ అవతల రికార్డు గది. గునపాలు తెప్పించి గోడ పగలగొట్టారు. సరిగ్గా అదే రోజుల్లో తిరుపాలు అసలు లోపం పట్టుకున్నాడు. మూటలో తెలుగు ఫాంటు ఫైలు పెట్టడం తనే మరిచిపోయాడు. నాలుక కరుచుకుని, ఆ ఫైలు చేర్చి, కొత్త మూట అన్ని జిల్లాలకూ పంపాడు. విజయనగరంలో ఆ మూట దిగడం, కిటికీ తలుపు బిగించడం ఒకే పూట జరిగాయి. కిటికీ తెరవగానే తెర మీద తెలుగు అక్షరాలు కళకళలాడాయి. అధికారి ఆనందబాష్పాలతో ఫోను చేశాడు. అనంతపద్మనాభం గారు స్టాఫందరికీ మైసూరుపాకు పంచారు. కిటికీ లేని మిగతా జిల్లాల్లోనూ గునపాలు లేచాయి.

తిరుపాలు మైసూరుపాకు చేత్తో పట్టుకుని మాలకొండయ్య దగ్గరికి పోయాడు. "సార్, అది కిటికీ వల్ల కాదు. ఫాంటు వల్ల. తప్పు నాదే. పెద్దసారుకు చెప్పేస్తా."

మాలకొండయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నోరు మూసుకో అబ్బాయ్. గోడ పగలగొట్టినాక ఫాంటంటే ఎట్టా కుదురుద్ది? ఫాంటు అని నువ్వు ముందే చెప్పుండాల. ఇప్పుడు చెప్తే ఆ గోడకు జవాబు ఎవరు చెప్తారు? తిను, మైసూరుపాకు బాగుంది."

తిరుపాలు తిన్నాడు. మెతకమనిషి గనక ఎదిరించి మాట్లాడలేడు, నిజాయితీపరుడు గనక మరిచిపోనూ లేడు. ఇలాంటివాళ్లకు ఉద్యోగం గోరుచుట్టు మీద రోకటిపోటే.

ఆ తరువాత ఎవరో చురుకైనవాడు అనుబంధం చివరి పంక్తి చదివాడు. యంత్రం ముందు ఆసీనుడైన వ్యక్తి తిరుపాలు. మన తిరుపాలును అన్ని జిల్లాలకూ పంచడం సాధ్యం కాదు గనక, ఆ పేరుగలవారిని నియమించుకోవచ్చునని మండలి వివరణ ఇచ్చింది. కడప, అన్నమయ్య జిల్లాలు బతికిపోయాయి, అక్కడ వీధికొక తిరుపాలు ఉంటాడు. మేకలు కాసుకునే తిరుపాలొకడు కాంట్రాక్టు మీద చేరి, కుర్చీలో కూర్చోవడం తప్ప పని లేదని తెలిసి, ఇది మేకలకంటే సుఖమన్నాడు. కోస్తా జిల్లాలకే కటకట. శ్రీకాకుళంవాళ్లు అప్పలనాయుడనే గుమస్తాకు ఆఫీసు వేళల్లో మాత్రం తిరుపాలని పేరు పెట్టుకోవడానికి అనుమతి కోరారు. వాళ్లమ్మ ఒప్పుకోలేదని ఆ ఫైలు ఆగిపోయింది.

ఈ సందట్లో కొణికివరం బడి దరఖాస్తు ఎక్కడో అడుగున పడింది. పైకి వచ్చినప్పుడు దాని మీద ఎర్రసిరాతో రాసి ఉంది. 'పాఠశాలయందు పడమటి కిటికీ, లేత ఆకుపచ్చ గోడ, మరక మొదలగునవి సమకూర్చుకొనిన పిదప మరల దరఖాస్తు చేసుకొనవలెను.'

కోటిరత్నం గారు ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి, మొదట ఎవరో పోల్చుకోలేకపోయాడు తిరుపాలు.

"గోడ ఏ రంగయితే మా పిల్లలకేంది బాబూ? వాళ్లు చూసేదా పెట్టేదా? పరీక్షలు ముంచుకొచ్చినయ్. మా గుమస్తాని బతిమాలి చదివించుకుంటన్నా. ఆయన పేరాకి ఒక ముక్క చదివి, మిగతాది అంతేలే మేడమ్ అంటాడు. ఆ ముక్క నేను పట్టుకుని, రోజంతా పిల్లలకి చెప్పి చెప్పి, ఇదిగో, నా గొంతు ఇట్టా అయింది. లూర్దు మేరీ అని ఒక పిల్ల ఉంది. మేడమ్, మీకు గొంతు వచ్చిందాకా మేం నిరుడు పాఠాలే చదువుకుంటాంలే అంటంది. నిరుడు పాఠాలు పరీక్షలో వస్తయ్యా?"

తిరుపాలుకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, అది ఎక్కువగా తన మీదే. వినిపాఠం తను రాసిందే. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు అని తన చేత్తో తనే రాసిపెట్టాడు. మరి తను ఎవరి అనుమతి కోసం కూర్చున్నట్టు?

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాడు. బడిలో ఉన్నది ఎవరో స్కానరుతో సహా దానమిచ్చిన పాత కంప్యూటరు, దాంట్లో ఎప్పటిదో పాత లైనక్స్. దాన్ని భోజనాల హాల్లో, సాంబారు గంగాళం పక్కన బల్ల మీద పెట్టారు. తిరుపాలు దానికి తగ్గట్టు మూట కట్టి తెచ్చాడు. ఎక్కించి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పిల్లలు చుట్టూ ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. మళ్లీ నొక్కాడు. లేదు. అతని చూపు తనకు తెలియకుండానే పడమటి గోడ వైపు పోయింది. అక్కడ కిటికీ లేదు. ఛీ అనుకుని తల విదిల్చుకుని, ఏ ఫైలు తక్కువైందో వెతకడం మొదలుపెట్టాడు. పాత లైనక్స్‌కు కావలసిన శబ్దం ఫైలు ఒకటి మరిచిపోయాడు. అది జతచేశాక యంత్రం గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి కాకతీయుల పాఠం అందుకుంది.

చెరువుల గురించీ, రుద్రమ గురించీ యంత్రం చదువుకుంటూ పోయింది. "ఈయనెవరో గానీ ఊపిరి తీసుకోడేందే," అన్నది లూర్దు మేరీ. అందరూ ఒకటే నవ్వు. కోటిరత్నం గారు మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాఠం చివరిదాకా విన్నది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ హెడ్‌మిస్ట్రెస్ గారు కృతజ్ఞత గల మనిషి. నెలవారీ నివేదికలో 'మండలివారి వినిపాఠం మా పాఠశాలయందు అద్భుతముగా పనిచేయుచున్నది' అని రాసి పంపింది.

అనంతపద్మనాభం గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. తరువాత తిరుపాలును పిలిచి, "ధ్రువీకరించని పరిస్థితులలో పనిచేస్తోందా?" అని అడిగారు, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని విన్నట్టుగా. తిరుపాలు దాచలేదు. వెళ్లింది తనే, ఎక్కించింది తనేనని చెప్పాడు. మరునాడే జీపు కొణికివరం బయల్దేరింది. ముందు సీట్లో అనంతపద్మనాభం గారు, వెనక మాలకొండయ్య, తిరుపాలు.

భోజనాల హాల్లో ఆయన నాలుగు గోడలూ తడిమి చూశారు. కిటికీ లేదు, చెమ్మ లేదు, రంగు తెల్లసున్నం. బల్ల కాళ్లు నాలుగూ సమానం. తోడు కంప్యూటరు లేదు. వేరుశనగ వాసనకు బదులు సాంబారు వాసన. యంత్రం ముందు కూర్చున్న మనిషి పేరు లూర్దు మేరీ. ఇవేమీ పట్టనట్టు యంత్రం చక్కగా ఋతుపవనాల పాఠం చదువుతోంది.

"ఇది పనిచేస్తున్నట్టు అనిపిస్తోంది," అన్నారాయన నీరసంగా.

"అనిపించటమేందండీ, చదువుతావుంటే," అన్నది కోటిరత్నం గారు.

"అమ్మా, పొలంలో కలుపు కూడా మొలుస్తుంది. మొలిచిన ప్రతిదీ పంట కాదు. ధ్రువీకరించని విత్తనం ఎంత బాగా మొలిచినా పీకేయడమే మా పద్ధతి."

"పీకేస్తారా?" ఆమె గొంతు మళ్లీ బొంగురుపోయింది. "పరీక్షలయిందాకన్నా ఆగండయ్యా. దండం పెడతా. ఆ తర్వాత ఏమన్నా చేసుకోండి."

అనంతపద్మనాభం గారు కుర్చీలో కూలబడ్డారు. "నాకు మనసు లేక కాదమ్మా. ఇది ఇక్కడ పనిచేస్తుందని నేను ఒప్పుకుంటే, రాష్ట్రంలో అన్ని గోడలు ఎందుకు పగలగొట్టించినట్టు?"

తీసేయక తప్పదు, తిరుపాలు మీద చర్య తీసుకోకా తప్పదు అనుకుంటూ అందరూ బయటికి వచ్చారు. జీపు దగ్గర మాలకొండయ్య తల గోక్కున్నాడు. ఆయన సర్వీసులో అంతగా తల గోక్కోవడం తిరుపాలు ఎప్పుడూ చూడలేదు.

"సార్, చిన్న మనవి. మన ఆర్డరులో ఏముంది? వేరే పరిస్థితుల్లో వాడితే అది వాడకమే కాదన్నాం గదా. అంటే ఇక్కడ వాడటం లేదు సార్. వాడనిది పనెట్టా చేసుద్ది? పనిచేయటం లేదు. పనిచేయనిదాన్ని పీకేయమని మనం రాస్తే, పనిచేస్తందని ఒప్పుకున్నట్టే గదా? ఈ అబ్బాయి సంగతీ అంతే. జరగనిదానికి చార్జిమెమో ఎట్టా ఇస్తాం?"

అనంతపద్మనాభం గారు ఆ మాటను రెండు మూడు వైపులనుంచీ తిప్పి చూసుకున్నారు. ఎటు చూసినా ఉత్తర్వు చెక్కుచెదరలేదు. ఆయన భుజాల మీది బరువు దిగిపోయింది. "మాలకొండయ్య గారూ, డ్రాఫ్టు పెట్టండి," అన్నారు. లోపలనుంచి ఋతుపవనాలు వినిపిస్తున్నా అటు చెవి పెట్టకుండా జీపెక్కారు.

ఉత్తర్వును స్వయంగా అందజేసి రమ్మని తిరుపాలునే పంపారు. దారి పొడుగునా అతనికి బెరుకుగానే ఉంది. ఉద్యోగం దక్కింది, ప్రోగ్రాం దక్కింది. కానీ ఈ కాగితంలో రాసింది ఆ పిల్లల ముందు తన నోటితో ఎలా చదవడం?

"మేడమ్, ఆర్డరు తెచ్చినా. చదివి వినిపిచ్చమంటారా?" అన్నాడు తలొంచుకుని.

"నువ్వెందుకు బాబూ శ్రమ, మంచినీళ్లు తాగు," అన్నది కోటిరత్నం గారు. "లూర్దూ, ఈ కాగితం దాని కింద పెట్టు."

లూర్దు మేరీ కాగితం అంచులు తడిమి, సరిచేసి, స్కానరు కింద పెట్టింది. యంత్రం ఎప్పటిలాగే గొంతు సవరించుకుంది.

"విషయము: కొణికివరం అంధబాలికల పాఠశాలయందు వినిపాఠం సాఫ్ట్‌వేరు పనిచేయకపోవుట గురించి. మేనేజింగ్ డైరెక్టరు వారు సదరు పాఠశాలను స్వయముగా సందర్శించి, అచ్చటి పరిస్థితులు ధ్రువీకరించిన పరిస్థితులతో ఏ విధముగను సరిపోలుట లేదని గమనించియున్నారు. కావున సదరు సాఫ్ట్‌వేరు అచ్చట పనిచేయుట లేదనియు, ఇంతకుమునుపును పనిచేసియుండలేదనియు, ఒక్క అక్షరమైనను చదివియుండలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. పనిచేయని వస్తువును తొలగింపవలసిన అవసరము లేనందున, దానిని యథాస్థానమునందే ఉంచవలెను."

ముందు కిసుక్కుమన్నదెవరో తెలియదు గానీ, ఆ తరువాత నవ్వు గంగాళాల దాకా దొర్లింది. ఒకమ్మాయి నవ్వలేక బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"మేడమ్," అన్నది లూర్దు మేరీ కళ్లు తుడుచుకుంటూ, "చదవటంలేదన్న ముక్క ఎంత బాగా చదివిందో! ధ్రువీకరించడమైనది కాడ మన గుమస్తా గారైతే పడిపొయ్యేవాడు. ఇంకోసారి పెట్టనా?"

ఇంకోసారి విన్నారు. ఈసారి తిరుపాలు కూడా నవ్వాడు. ఎన్నాళ్ల తరువాతో కడుపారా నవ్వాడు. నవ్వుతూనే సంచిలోంచి రసీదు తీశాడు. చూపులేనివారికి ఇచ్చే ఉత్తర్వులకు మండలిలో పద్ధతి వేరు. ఉత్తర్వును ఎవరు చదివి వినిపించారో రాసి, అందుకున్నవారి వేలిముద్ర తీసుకోవాలి. అతను కలం మూత తీసి ఆగిపోయాడు.

"చదివిందెవురని రాయమంటారు మేడమ్?"

"జరిగిందే రాయి బాబూ. గవర్నమెంటు కాగితం, అబద్ధం రాయకూడదు," అన్నది కోటిరత్నం గారు, వేలికి సిరా రాయించుకోవడానికి చెయ్యి చాపుతూ.

తిరుపాలు వినిపాఠం అని రాశాడు. ఆమె పక్కన వేలిముద్ర వేసి, "ఇంక చాలమ్మా నవ్వింది, ఋతుపవనాలు సగంలో ఉన్నయ్," అని పిల్లలను అదిలించింది. లూర్దు మేరీ ఉత్తర్వు తీసి పక్కన పెట్టి, పుస్తకం తెరిచి స్కానరు కింద పెట్టింది.